కొత్త పికప్ క్రోమ్ బంపర్ మీద తుప్పు మచ్చలు: ఒక్క చలికాలానికే!

కృష్ణాతీరం (నోవై, మిషిగన్)
అందరికీ నమస్కారం. బండి 2023 మోడల్ పికప్, షోరూమ్ నుంచి కొత్తగా తీసుకున్నదే. ఏ కంపెనీదో రాయను. రాస్తే అసలు సంగతి పోయి ఆ బండి గొప్పా ఈ బండి గొప్పా అని పది పేజీలు నడుస్తుంది.

మొన్న కాస్త ఎండ వచ్చిందని ఇంటి ముందు పెట్టి కడుగుతుంటే వెనక బంపర్ మీద, నంబర్ ప్లేటుకి అటూ ఇటూ, ఆవగింజంత గోధుమ రంగు చుక్కలు కనిపించాయి. కింద అంచు లోపలికి మడిచిన చోట మరీ ఎక్కువ. ముందు బంపర్ మీద తక్కువే గానీ, గ్రిల్ చుట్టూ ఉన్న క్రోమ్ మీద కూడా అక్కడక్కడా ఉన్నాయి. గోరుతో గీకితే కొన్ని ఊడాయి, కొన్ని కదల్లేదు.

డీలర్ దగ్గరికి తీసుకెళ్తే సర్వీస్ అడ్వైజర్ వంగి చూసిన పాపాన పోలేదు. "మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు సార్, వారంటీలోకి రాదు" అని నిలబడే చెప్పేశాడు. ఇవి గీతలు పడకుండా ఎలా తీయాలి? మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలి? వారంటీ గురించి ఆయన చెప్పింది నిజమేనా?

కేటీ మావయ్య (హ్యూస్టన్ దగ్గర)
తమ్ముడూ, బండి అక్కడే వదిలేసి టెక్సాస్ వచ్చెయ్. ఇక్కడ బంపర్ మీద గుడ్డు కొడితే ఆమ్లెట్ అవుతుంది గానీ తుప్పు మాత్రం రాదు.

పెన్నేటి పిల్లోడు (కొలంబస్, ఒహాయో)
మావయ్యా, మీ గాల్వెస్టన్ వైపు సముద్రం పక్కన ఉండేవాళ్లను అడుగు ఒకసారి.

కృష్ణాతీరం గారూ, కంగారు పడొద్దు. వంటింట్లో ఉండే అల్యూమినియం ఫాయిల్ అరచేతి వెడల్పున చింపి, ఉండలా నలిపి, నీళ్లలో ముంచి మచ్చ మీద మెల్లగా రుద్దండి. నీళ్లు బూడిద రంగు గుజ్జులా మారతాయి, తుప్పు దాంతోపాటు లేచి వస్తుంది. అల్యూమినియం క్రోమియం కంటే చాలా మెత్తన, అందుకే గీతలు పడవు. అప్పటికీ పోకపోతే నాలుగు సున్నాల (0000, బాగా సన్న రకం) స్టీల్ ఊల్, అంటే ఇనుప పీచు, తీసుకుని, కాస్త నూనె వేసి రుద్దండి. చివర్లో మైనం. నేను ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నా.

గ్యారేజీల గణపతి (షికాగో, సొంతూరు కరీంనగర్)
ఫాయిల్ వరకు ఓకే. అన్నా, స్టీల్ ఊల్ మాత్రం ముట్టకు. ఎన్ని సున్నాలున్నా అది ఇనుమే గద. దాని తునకలు సందుల్ల ఇరుక్కుంటయి, నాలుగు వానలు పడ్డంక అవే తుప్పు పడ్తయి. నువ్వేమో అయ్యో కొత్త మచ్చలొచ్చినయ్ అనుకుంట మళ్ల అదే ఊల్ తీస్కొని రుద్దుతవ్. గట్ల అయిపోతది కథ. కావాలంటే బ్రాంజ్ ఊల్ దొరుకుతది, గది వాడు.

ఇంకోటి. రుద్దుడు ఎప్పుడూ చివరి పనే. ముందుగాల మంచిగ కడుగు. ఉప్పు, ఇసుక మీదుండంగనే రుద్దితే ఫాయిలేంది, మెత్తటి గుడ్డ గూడ గీతలు పెడ్తది.

పెన్నేటి పిల్లోడు
నూనెతో వాడి శుభ్రంగా తుడిస్తే ఏం కాదు అన్నా. నా బంపర్ బ్రహ్మాండంగా ఉంది.

గ్యారేజీల గణపతి
ఫోటో పెట్టు సూద్దాం. దగ్గర్కెల్లి తియ్యి, పది అడుగుల దూరంకెల్లి కాదు 😀

పూతల పంతులు (క్లీవ్‌ల్యాండ్)
నేను చాలాకాలం ప్లేటింగ్ లైన్ల మీద, అంటే లోహాలకి పూత వేసే చోట, పనిచేశాను. మీరిద్దరూ మచ్చను ఎలా తీయాలో మాట్లాడుతున్నారు. ముందు ఆ మచ్చ ఎక్కడ పుట్టిందో తేలాలి. ఎందుకంటే క్రోమ్ అసలు ఎర్ర తుప్పు పట్టదు.

బంపర్ మీద మనం క్రోమ్ అనుకునేది ఒక్క పొర కాదు. పైన ఉండే క్రోమియం అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు చాలాసార్లు. దాని కింద 20 నుంచి 40 మైక్రాన్ల దాకా నికెల్ ఉంటుంది. ఆ కింద స్టీలు. అద్దంలాంటి నునుపు నికెల్‌ది. క్రోమియం దానికి కాస్త నీలి ఛాయ, గట్టిదనం ఇచ్చి మసకబారకుండా చూస్తుంది. స్టీలుని కాపాడే అసలు బాధ్యత నికెల్‌దే.

మన ఊళ్లలో జీఐ రేకులు చూశారుగా. వాటి మీద జింకు తాను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. గీత పడినా కొంతకాలం తుప్పు రాదు. నికెల్ ఆ త్యాగం చెయ్యదు. పూతలో సూదిమొనంత రంధ్రం ఉండి అందులోకి ఉప్పునీరు దిగిందంటే లెక్క తిరగబడుతుంది. చుట్టూ ఉన్న నికెల్ అంతా ఒక పెద్ద కాథోడ్ (కరగని వైపు), ఆ రంధ్రం అడుగున కనపడే స్టీలు ఒక చిన్న ఆనోడ్ (కరిగే వైపు). పెద్దదాని భారమంతా ఆ చిన్న చుక్క మీద పడుతుంది, స్టీలు గబగబా కరుగుతుంది. అందుకే కొత్త బండికి కూడా చుక్కలు చుక్కలుగా వస్తుంది గానీ పాత గేటుకి పట్టినట్టు పరుచుకుని రాదు.

మంచి పనివాడు నికెల్‌ని రెండు పొరలుగా వేస్తాడు. కింద సెమీ బ్రైట్, పైన బ్రైట్. బ్రైట్ నికెల్‌లో కొద్దిగా గంధకం ఉంటుంది కాబట్టి ముందు అది దెబ్బ తింటుంది. కింది పొర జోలికి పోకుండా తినడం అడ్డంగా పాకుతుంది, లోతుకి దిగడం ఆలస్యమవుతుంది. ఈ పొరల మందం తగ్గిందా, లేదా మడతల లోపల కరెంటు సరిగ్గా అందక పూత పలచబడిందా, ముందు పోయేది అక్కడే. మీరు చెప్పిన "కింద అంచు మడిచిన చోటు" అదే. ప్లేటింగ్ ట్యాంకులో అలాంటి మూలలకి లోహం తక్కువ చేరుతుంది.

ఇదంతా లోపల్నుంచి వచ్చే తుప్పు. రెండో రకం బయటి నుంచి వచ్చి కూర్చునేది. బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి రేగే సన్నటి ఇనుప రజను ఎగిరొచ్చి బంపర్‌కి అంటుకుని అక్కడ తుప్పు పడుతుంది. కొత్త బండ్లు చాలావరకు కొంత దూరం రైలు మీద వస్తాయి, కనుక కొన్నిటికి మొదటి రోజు నుంచే ఉంటుంది. గోరుతో ఊడినవి ఇవే అయ్యుండాలి.

తేల్చుకోవడం సులువు. ఫ్రిజ్ మీద పెట్టుకునే అయస్కాంతం ఒకటి తెచ్చి గ్రిల్ చుట్టూ ఉన్న క్రోమ్‌కి పెట్టి చూడండి. అంటుకోకపోతే అది ప్లాస్టిక్ మీద వేసిన పూత. ప్లాస్టిక్‌కి ఎర్ర తుప్పు రాదు, అంటే అక్కడున్న చుక్కలు కచ్చితంగా బయటి రజనే. దాన్ని ఊల్‌తోనూ ఫాయిల్‌తోనూ రుద్దకండి, ఆ పూత ఇంకా పలచన.

కృష్ణాతీరం
పంతులు గారూ, ఎంత చక్కగా చెప్పారు. అయస్కాంతం పెట్టి చూశాను. బంపర్లు రెండూ స్టీలే, గ్రిల్‌కి మాత్రం జారిపోయింది. మరి ఈ బయటి రజను తీయడం ఎలా?

పూతల పంతులు
కార్ల సామాన్ల షాపులో "ఐరన్ రిమూవర్" అని అమ్ముతారు. అమోనియం థయోగ్లైకోలేట్ ఉంటుంది దాంట్లో. జుట్టు ఉంగరాలు తిప్పడానికి సెలూన్లలో వాడే రసాయనమే. వాసన భరించడం కష్టం, గాలి ఆడే చోట చెయ్యండి. లోహం చల్లగా ఉన్నప్పుడు, నీడలో చల్లి కాసేపు ఆగితే ఇనుము ఉన్నచోటల్లా ఊదా రంగు కారుతుంది. ఆరిపోనివ్వకుండా కడిగెయ్యాలి. ఇంకా మిగిలితే క్లే బార్, అంటే అంటుకున్న మురికిని లాగే మెత్తటి మట్టి ముద్ద. అప్పటికీ మిగిలిన చుక్కలు లోపలివి. ఫాయిల్ వాటికి దాచుకోండి.

బెజవాడ బంగారం (విజయవాడ)
ఇంత హంగామా ఎందుకండీ. బాత్రూం కడిగే యాసిడ్ కాస్త నీళ్లలో కలిపి గుడ్డతో రాస్తే ఏ తుప్పైనా క్షణంలో పోతుంది. మా ఆటోనగర్‌లో అలాగే చేస్తారు.

పూతల పంతులు
బంగారం గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. మా ప్లాంట్‌లో పాడైన పూత మీద క్రోమియం ఊడదీయడానికి వాడేది దాన్నే. తుప్పు పోతుంది నిజమే, క్రోమియం కూడా పోతుంది. ఆటోనగర్‌లో స్టీలుకి యాసిడ్ పెట్టేది కొత్త పూత వెయ్యడానికి ముందు. పూత ఉన్న బంపర్ మీద కాదు.

యాసిడ్ కావాల్సిందే అంటే ఆగ్జాలిక్ యాసిడ్ ఉన్న పొడులు కిరాణా షాపులో దొరుకుతాయి, ఇక్కడ బార్ కీపర్స్ ఫ్రెండ్ లాంటివి. పలచటి పేస్టులా చేసి, చేతికి గ్లవ్స్ వేసుకుని, మచ్చ మీద మాత్రమే కాసేపు ఉంచి, బాగా కడిగెయ్యాలి. తుప్పుని నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్లు పైకి కనపడే చోట వద్దు. నల్ల చుక్క పడితే ఎర్ర చుక్కే నయం అనిపిస్తుంది.

భీమిలి అల (విశాఖపట్నం)
మాది సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు. బుల్లెట్ సైలెన్సర్, అద్దాల కాడలు, హ్యాండిల్ బార్ అన్నిటికీ ఇదే గోల. మంచు, ఉప్పు చల్లడం మాకు లేవు గానీ గాలే ఉప్పు. నేను చేసేది ఒక్కటే. రాత్రి కవరు కప్పను. తడి లోపలే ఉండిపోయి పొద్దున్నకి చెమట పట్టినట్టు ఉంటుంది బండి. పొద్దున్నే మంచినీళ్ల గుడ్డ, తర్వాత పొడి గుడ్డ. నెలకోసారి మైనం. డబ్ల్యూడీ-40 రాస్తే రెండ్రోజులు తళతళలాడుతుంది, తర్వాత దానికి దుమ్ము అంటుకుని ఇంకా అసహ్యంగా తయారవుతుంది.

అన్నట్టు మా హార్బర్ రోడ్డులో తిరిగే లారీల ముందు మెరిసే స్టీలు గార్డులు ఉంటాయి చూశారా, అవి క్రోమ్ కాదు, స్టెయిన్‌లెస్. చవకలో 202 గ్రేడుతో చేయించుకున్నవాటికి ఇక్కడ ఏడాది తిరక్కుండా టీ మరకల్లాగా వస్తాయి. 304 అయితే కొంత మేలు.

కేటీ మావయ్య
ఉప్పు అనగానే గుర్తొచ్చింది. తమ్ముడూ, మీ డెట్రాయిట్ ఊరి కిందే ఉప్పు గని ఉందని విన్నాను, నిజమేనా?

కృష్ణాతీరం
నిజమే మావయ్యా. వెయ్యి అడుగుల పైచిలుకు లోతున, 1910 ప్రాంతం నుంచి తవ్వుతున్నారు. రోడ్ల మీద చల్లే రాతి ఉప్పు అక్కడి నుంచీ వస్తుంది. మా కాళ్ల కిందున్నదే మా బండ్లకి పెడుతున్నారన్నమాట.

పూతల పంతులు
రాతి ఉప్పు కంటే ద్రవంగా చల్లేవి మొండివి. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్. వీటికి గాల్లో తేమను లాగే గుణం ఉంది. బండి ఆరినట్టే కనిపిస్తుంది, పూత మీద మాత్రం సన్నటి తడి పొర అలాగే ఉంటుంది. వేడి చేసిన గ్యారేజీలో పెడితే ఇంకా తొందరగా తింటుంది. బయట గడ్డకట్టే చలిలో ఆ తినడం చాలా నెమ్మదిస్తుంది, లోపల మంచు కరిగి ఉప్పునీరు పని మొదలుపెడుతుంది. బండిని గ్యారేజీలో పెట్టి అపురూపంగా చూసుకున్నాం అనుకునేవాళ్లకి ఇది చెబితే నమ్మరు.

కాల్షియం క్లోరైడ్ బురద ఆరి గట్టిపడితే పైనున్న క్రోమియం పొరనే కరిగిస్తుంది. రష్యాలో ముందు దీన్ని గమనించారు కాబట్టి మా రంగంలో "రష్యన్ మడ్" అనే అంటారు. అప్పుడు కనిపించేది ఎర్ర మచ్చ కాదు. క్రోమ్ నీలి ఛాయ పోయి, కింది నికెల్ బయటపడి కాస్త పసుపుగా, మసగ్గా కనిపిస్తుంది. దాన్ని ఏ పాలిష్ వెనక్కి తేలేదు. పైగా గట్టిగా పాలిష్ పెట్టేకొద్దీ మిగిలింది కూడా పోతుంది.

అందుకే చలికాలంలో మెరిపించడం మీద కాదు, కడగడం మీద పెట్టండి శ్రద్ధ. ఉష్ణోగ్రత 32 ఫారెన్‌హీట్ (సున్నా సెల్సియస్) దాటిన రోజు చూసుకుని, కింద నుంచి కూడా నీళ్లు కొట్టే వాష్‌కి తీసుకెళ్లండి.

మాజీ కౌంటర్ బాబు (న్యూజెర్సీ)
నేను ఒకప్పుడు డీలర్ దగ్గర సర్వీస్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. వారంటీ సంగతి నేను చెబుతా.

కౌంటర్లో నోటితో చెప్పింది జవాబు కాదు, వారంటీ పుస్తకంలో ఉన్నది జవాబు. గ్లవ్ బాక్సులో పడుంటుంది, తీసి "కరోజన్" అన్న చోట చదవండి. అమెరికాలో ఎక్కువ పికప్‌లకి మామూలు వారంటీ 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, ఏది ముందైతే అది. తుప్పుకి 5 ఏళ్లు అని పెద్దక్షరాల్లో రాస్తారే, అది బాడీ రేకుకి లోపల్నుంచి చిల్లు పడితేనే. పైపై మచ్చలకి అది పనికిరాదు. కనుక మీ ఆశంతా మొదటి 3 ఏళ్ల మీదే.

ఉప్పు వల్ల, రాళ్ల వల్ల అంటే వాళ్లు తప్పించుకుంటారు. పూత ఉబ్బడం, పొరగా లేవడం అంటే తయారీ లోపం అని వాదించడానికి మీకు చోటుంటుంది. అందుకే పాలిష్ పెట్టకముందు, పక్కనుంచి వెలుతురు పడేలా, ఓడోమీటర్ ఫోటోతో సహా ఫోటోలు తీసుకోండి. మీ ఫిర్యాదు రిపేర్ ఆర్డర్ మీద రాయించి కాపీ అడగండి. "రాదు" అన్నా సరే, రాదు అని రాసిమ్మనండి. రాసివ్వాలంటే లోపలికి వెళ్లి మేనేజర్ని అడగాల్సి వస్తుంది వాళ్లకి. అక్కడ మెత్తబడటం నేను చాలాసార్లు చూశాను. అదీ కాకపోతే వేరే డీలర్, ఆ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్. మర్యాదగా అడిగితే "గుడ్‌విల్" కింద సగం ఖర్చు పెట్టుకున్న సందర్భాలున్నాయి. అరిచినవాళ్లకి ఆ మాట ఎత్తము.

లీజు బండి అయితే మాత్రం తిరిగి ఇచ్చేముందు ఈ మచ్చలు తీసేసుకోండి. అక్కడ తనిఖీకి వచ్చేవాడు బాగానే వంగి చూస్తాడు.

సిలికాన్ సీత (శాన్ హోసే)
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా కాలిఫోర్నియాలో క్రోమ్ పూతనే నిషేధించారని విన్నాను. ఇకపై బంపర్లు ఇలా నాసిగానే వస్తాయంటారా?

పూతల పంతులు
సీత గారూ, క్రోమ్ పూతని కాదు, హెక్సావాలెంట్ క్రోమియంతో వేసే పద్ధతిని. అది క్యాన్సర్ కారకం. గాలి కాలుష్యం సంగతి చూసే అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు 2023లో నియమాలు మార్చి అలంకారపు పూతల్లో దాన్ని దశలవారీగా ఆపమంది. దాని బదులు అంత హాని లేని ట్రైవాలెంట్ క్రోమియం పద్ధతి చాలాచోట్ల ఎప్పుడో వచ్చేసింది. రంగులో కొద్దిపాటి తేడా తప్పితే నాసి అనడానికి లేదు. నాసి అయ్యేది కింద నికెల్ మందం దగ్గర కక్కుర్తి పడినప్పుడు. ఇంకో మాట, బంపర్ మీద గట్టిపడ్డ క్రోమ్ లోహం, ట్యాంకులో ఉండే ఆ విషం ఒకటి కాదు. తుడిచినందుకు భయపడనక్కర్లేదు.

నిర్వాహకుడు
కాలిఫోర్నియా చట్టాల మీద ఇంకా మాట్లాడాలంటే విడిగా చర్చ మొదలుపెట్టండి. ఎన్నికల దాకా వెళ్లిన రెండు వ్యాఖ్యలు తీసేశాను.

కృష్ణాతీరం
చేసి చూశాను, వివరంగా రాస్తున్నా.

ముందు ఫోటోలు తీశాను, బాబు గారు చెప్పినట్టే. తర్వాత కడిగి, ఆరాక ఐరన్ రిమూవర్ చల్లాను. వాసనకి పక్కింటాయన కిటికీ మూసుకున్నాడు. గ్రిల్ మీద చుక్కలన్నీ ఊదా రంగులో కారిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. ముందు బంపర్ కూడా దాదాపు శుభ్రం. వెనక బంపర్ పైభాగం కూడా బానే వచ్చింది.

కింది మడత దగ్గర కథ వేరు. తడి ఫాయిల్‌తో రుద్దితే గోధుమ రంగు పోయింది, దాని కింద పెన్సిల్ మొనతో పొడిచినట్టు నల్లటి గుంట మిగిలింది. ఫోన్ టార్చి అడ్డంగా పెట్టి చూస్తే కొన్ని గుంటల చుట్టూ పూత సన్నటి వలయంలా పైకి లేచింది. వేలితో తడిమితే తెలుస్తోంది. మెరుపుకేం లోటు లేదు, రెండడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు. కానీ నాకు తెలుసు కదా. ఈ గుంటల్ని గోళ్ల రంగుతో, అంటే రంగులేని దాంతో మూసెయ్యొచ్చా?

గ్యారేజీల గణపతి
మూయచ్చు గని ఎక్కువ రోజులు ఉండదన్నా. ఆల్కహాల్‌తోని తుడ్శి, పూర్తిగ ఆరినంక, సూదిమొనతోని ఒక్క బొట్టు గుంటల మాత్రమే పెట్టు. బంపర్ మొత్తం క్లియర్ కోట్ కొట్టించుకుంట అని మాత్రం పోకు. క్రోమ్ నున్నగుంటది, దాని మీద అది పట్టుకోదు, ఏడాదికి పొట్టు లేశినట్టు లేస్తది.

అసలు పని ఎన్కకెల్లి ఉంది. కింద పండుకొని బంపర్ లోపలి దిక్కు సూశినవా? అటు పూత ఉండనే ఉండదు, ఉన్నా పేరుకే. బురద, ఉప్పు గడ్డలు గడ్డలు పేరుకుపోయి ఉంటది. నీళ్లు పోయే చిల్లులు పూడిపోతయి. ముందుగాల ఆ గడ్డలన్నీ గీకి తీశెయ్యి, హోస్ పెట్టి నీళ్లు తెల్లగొచ్చే దాక కడుగు. రెండ్రోజులు మంచిగ ఆరనియ్యి. అటెన్క లానోలిన్ స్ప్రే దొరుకుతది, గొర్రె ఉన్నికెల్లి తీశిన జిడ్డు, అది లోపలంత కొట్టు. ఆరదు, ఊడదు, అట్లనే జిడ్డుగ పట్టుకొని ఉంటది. ప్రతి అక్టోబర్ల, మంచు పడకముందే కొట్టుకోవాలె. పార్కింగ్ సెన్సర్ల మీద, వైర్ల జాయింట్లల్ల పడకుంట చూస్కో.

పెన్నేటి పిల్లోడు
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. స్టీల్ ఊల్ మీద మన గొడవ ఎలా ఉన్నా, లోపలి జిడ్డు దగ్గర గణపతి అన్నతో నేనూ ఒక్కటే. పైన ఒక మైనం పొర కూడా పెట్టండి, కార్నూబా అయినా, పెయింట్ సీలెంట్ అయినా.

పూతల పంతులు
వలయంలా లేచిందన్నారు చూడండి, అది కింది నుంచి తుప్పు ఉబ్బి పూతని ఎత్తడం. కృష్ణాతీరం గారూ, ఆ చోట ఇక రుద్దకండి, రుద్దితే పొర ఊడొస్తుంది. బాబు గారు చెప్పిన "ఉబ్బడం" కూడా ఇదే. 36 నెలలు దాటలేదుగా? మెరిపించాక కాదు, ఇప్పుడే మళ్ళీ డీలర్ దగ్గరికి వెళ్లండి. మళ్ళీ పూత వేయిద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. పాత పూత తీసి, గుంటలు పూడ్చి, కొత్తగా వెయ్యడం కంటే చాలాసార్లు కొత్త బంపరే చవక.

కృష్ణాతీరం
వేరే డీలర్ దగ్గరికి వెళ్లాను. ఈసారి అడ్వైజరు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి మరీ చూసింది. రిపేర్ ఆర్డర్ మీద "వెనక బంపర్ కింది అంచున పూత ఉబ్బు" అని తనే రాసి, ఫోటోలు కంపెనీకి పంపింది. బంపర్ మారుస్తారు, సెన్సర్లు పాతవే బిగిస్తారు. సామాను వచ్చేదాకా ఆగాలి. ముందు బంపర్‌కి మాత్రం ఏమీ ఇవ్వరు, అది నేనే చూసుకుంటా. కొత్తది బిగించకముందే దాని లోపలివైపు లానోలిన్ కొట్టుకోనిస్తారా అని అడిగితే నవ్వి సరే అంది.

కేటీ మావయ్య
ఆ పాత బంపర్ పారెయ్యకు తమ్ముడూ, నాకు పంపు. బార్బెక్యూకి కట్టుకుంటా.

గ్యారేజీల గణపతి
మావయ్యా, పూత వేసినదాని మీద మంట పెట్టి వండకు, తినేటోళ్లు మేమే.

కృష్ణాతీరం
ఆఖరి ప్రశ్న. ఆ బ్రాంజ్ ఊల్ ఎక్కడ దొరుకుతుంది అన్నా? ఇక్కడ రెండు పెద్ద హార్డ్‌వేర్ షాపులు తిరిగాను, అంతా స్టీలే.

గ్యారేజీల గణపతి
పడవల సామాన్లు అమ్మే షాపుల అడుగు. ఉప్పు నీళ్లల్ల తిరిగే పడవలకు ఇనుప ఊల్ వాడరు గద, అందుకే అక్కడ ఉంచుతరు. మీకు అన్ని చెరువులున్నయి, ఏదో ఒక షాపు ఉండనే ఉంటది. సన్న రకం తీస్కో, ముతకది కాదు.